గాడ్ ఆఫ్ వార్ తెచ్చుకోవాలా, ఘోస్ట్ ఆఫ్ సుషిమా తెచ్చుకోవాలా? డిస్కులో ఒక్కదానికే చోటుంది

జిరాక్సు కొట్టు, పర్లాకిమిడి

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం బరంపురం వెళ్తున్నాను. ఆ లోపు నాకు ఒక్క మాట తేల్చి చెప్పండి. గాడ్ ఆఫ్ వార్ (2018లో వచ్చిన వీడియో గేము, హీరో క్రేటోస్‌కి గడ్డం ఉన్నది) తెచ్చుకోవాలా, ఘోస్ట్ ఆఫ్ సుషిమా డైరెక్టర్స్ కట్ తెచ్చుకోవాలా?

"రెండూ కొనుక్కో" అనేవాళ్లకి ముందే చెప్తున్నా, డబ్బు సంగతి తర్వాత. మా ఇంటికి ఫైబర్ లేదు. ఫోన్ హాట్‌స్పాటే గతి, రోజుకి 2 జీబీ. గాడ్ ఆఫ్ వార్ 70 జీబీ అడుగుతోంది, ఘోస్ట్ 75. ఇంట్లో అందరూ వాట్సాప్ కూడా ముట్టుకోకుండా కూర్చుంటే నెలా వారానికి ఒక ఆట దిగుతుంది. అందుకని బరంపురంలో మా మేనత్త కొడుకు ఇంట్లో దించుకుని ఎక్స్‌టర్నల్ డిస్కులో మోసుకొద్దామని. ఆ డిస్కు 500 జీబీదే. అందులో మా చెల్లి పెళ్లి వీడియో ఉంది, కెమెరా అబ్బాయి ఎడిటింగ్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు పోసి ఇచ్చింది. అందులో రెండు గంటలు వంటవాళ్ల వెనకే తిరిగాడు. ఒక్క ఫైలు తీసేసినా మా అమ్మ ఊరుకోదు. మిగిలిన చోటు 90 జీబీ. మళ్లీ బరంపురం ఎప్పుడు వెళ్తానో తెలీదు.

ల్యాప్‌టాప్ విశాఖలో చదువుకున్నప్పటి స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 (4 జీబీ), ర్యామ్ 8 జీబీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఆట మొదలెట్టిన పది నిమిషాలకి ఫ్యాను రైసు మిల్లులా మోగుతుంది. వెనక కింద రెండు సబ్బు పెట్టెలు పెట్టి ఎత్తుతాను, కాస్త తగ్గుతుంది. కంట్రోలర్ వైరుది, ఎడమ స్టిక్కు తనంతట తాను పక్కకి పోతుంటుంది. టూంబ్ రైడర్ ఆటలో నేను నడిపే పిల్ల లారా రెండుసార్లు నా ప్రమేయం లేకుండానే కొండ మీంచి దూకింది.

ఆ టూంబ్ రైడరే (2013ది) నేను చివరిదాకా ఆడిన ఒకే ఒక్క పెద్ద ఆట. నాది కోర్టు దగ్గర జిరాక్సు, టైపింగు కొట్టు. పగలంతా ఒడియాలో అర్జీలు, తెలుగులో ఉత్తరాలు, ఇంగ్లీషులో అఫిడవిట్లు. ఎనిమిదికి షట్టరు దించి, భోంచేసి, తొమ్మిదిన్నరకి కూర్చుంటే పదకొండున్నర దాకా నా సమయం.

ఇక అసలు సంగతి. నేను ఒక్కణ్ణే ఆడను. మా తాతయ్య పక్కన ఉంటాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున పొలం చేసిన మనిషి. కిందటేడు రెండు కళ్లకీ శుక్లాలు తీయించాం. అప్పట్నుంచి రంగులన్నీ కొత్తగా కనిపిస్తున్నాయని ఆయనకదో సంబరం. రాత్రి నిద్ర పట్టదు కాబట్టి మంచం నా టేబులు పక్కకి జరుపుకుంటాడు. మొదటి రోజు ఏమీ అనకుండా చూశాడు. రెండో రోజు నేను ఒక చోట పదిసార్లు చచ్చాక, "ఆ పిల్లని అలాగెందుకురా ఏపుకు తింటావు? సరిగ్గా నడిపించలేవేటి?" అన్నాడు. కొన్నాళ్లకి నేను కొట్టు నుంచి ఆలస్యంగా వస్తే "పిల్ల ఎక్కడుందో ఏటో" అని ఆయనే గుర్తుచేసేవాడు. ఆట అయిపోయినప్పుడు నాకన్నా ఆయనకే వెలితి. ఇప్పుడు రోజూ "మరింకేటీ లేదేటి?" అని అడుగుతున్నాడు.

యూట్యూబ్‌లో ఈ రెండింటినీ పోల్చే వీడియోలు చాలా చూశాను. అందరూ నా కొట్టంత ఖరీదున్న కంప్యూటర్ల మీద ఆడి, ఆకుల మీద నీటి చుక్కల గురించి మాట్లాడుతున్నారు. నాకు కావలసింది మూడు ముక్కలు. నా డబ్బా మీద ఏది సాఫీగా నడుస్తుంది? రోజుకి రెండు గంటల్లో కథ మధ్యలో తెగిపోకుండా ఏది ఆడొచ్చు? ఇంగ్లీషు రాని పెద్దాయన పక్కన కూర్చుని ఏది చూడగలడు?

గుణుపూర్ ప్యాసింజర్

గురూ, గాడ్ ఆఫ్ వార్. ఆలోచించే పనే లేదు.

ముందు మిషను లెక్క. రెండింటికీ కనీసం కావలసిన కార్డు ఒక్కటే, జీటీఎక్స్ 960. తేడా పై మెట్టులో ఉంది. గాడ్ ఆఫ్ వార్ బాగా నడవాలంటే 1060, ర్యామ్ 8 జీబీ చాలంటారు. ఘోస్ట్‌కి అదే ఆర్‌టీఎక్స్ 2060, ర్యామ్ 16 జీబీ. నాదీ నీలాంటి 1650నే. గాడ్ ఆఫ్ వార్‌ని "ఒరిజినల్" అనే సెట్టింగులో పెట్టుకుని, ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మని పెద్దది చేసి చూపించి మిషను మీద బరువు తగ్గించేది) వేసుకుని, ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) 30కి బిగించి మొత్తం ముగించాను. బిగించకపోతే ఇంకా ఎక్కువే వస్తాయి గాని, ఎక్కి దిగి ఎక్కి దిగి చికాకు. బిగించేస్తే ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది.

ఇక ఆట. ఆ గొడ్డలి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. విసురుతావు, పోయి ఒకడి ఛాతీలో దిగుతుంది, వాడు అక్కడే మంచుగడ్డలా బిగుసుకుపోతాడు. ఈలోగా నువ్వు ఒట్టి చేతుల్తో ఇంకొకణ్ణి బాదుతుంటావు. వై బటన్ నొక్కితే గొడ్డలి గాల్లో తిరుగుతూ వెనక్కొస్తుంది. వచ్చే దారిలో ఎవడైనా అడ్డముంటే వాడికీ ఒక దెబ్బ. అరచేతిలోకి వచ్చి పడేటప్పుడు కంట్రోలరు ఒక్కసారి "ధబ్" మని కొట్టుకుంటుంది చూడు, ఆ ఒక్కదాని కోసం శత్రువులు ఎవరూ లేకపోయినా ఊరికే చెట్ల మీదకి విసురుకుంటూ నడిచాను నేను. ఇంటి దగ్గర మా ఆవిడ "ఎవర్ని కొడుతున్నావు?" అంటే "ఎవర్నీ లేదు" అన్నాను.

కెమెరా మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా కట్ అవదు. క్రేటోస్ భుజం వెనకాలే ఉంటుంది. కథ మన నౌపడ లైను లాంటిది. అదే పట్టాల మీద పోతుంది, టెక్కలి తర్వాత పర్లాకిమిడి, తర్వాత గుణుపూర్. మధ్యలో ఓ పెద్ద సరస్సు వస్తుంది, అక్కడ దిగి కాసేపు పడవ మీద తిరగొచ్చు. మళ్లీ ఎక్కాల్సింది ఆ రైలే. రోజుకి రెండు గంటలవాడికి ఇదే మేలు. కథ వరకే ఆడితే ఇరవై గంటలు, అంటే నీకు పది, పన్నెండు రాత్రులు.

కొడుకుని పేరు పెట్టి పిలిచేది తక్కువే ఈ మనిషి. "బాయ్" అంటాడు. ఆ అనే తీరు అచ్చం మన వైపు ముసలాళ్లు "ఒరే గుంటడా" అన్నట్టే ఉంటుంది. మీ తాతయ్యకి వేరే అనువాదం అక్కర్లేదు.

లోపం కూడా చెప్తాను. పెద్ద రాక్షసులు, ట్రోల్స్ అంటారు, ఒకడిలాగే ఇంకొకడు వస్తుంటాడు. చేతిలో బండరాయి మారుతుంది, రంగు మారుతుంది, కొట్టే పద్ధతి అదే. మూడోవాడికి విసుగొచ్చింది.

సిరోంచ రేవు

నేను ఘోస్ట్ దిక్కు అన్నా. మాది సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆటల్లో వచ్చీరాని ఇంగ్లీషు, కాబట్టి భాష రాకుండా ఆడుడు ఎట్లుంటదో నాకు బాగా తెలుసు. రెండు ఆటలకూ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. గాడ్ ఆఫ్ వార్‌ల పడవ ఎక్కినప్పుడల్లా ఒక తల ముచ్చట్లు చెప్తుంటది (తలే, మొండెం లేదు, ఎందుకో ఆడి తెలుసుకో). ఆ ముచ్చట్లు అర్థం కాకపోతే సగం ఆట పోయినట్టే. ఘోస్ట్‌ల మాట తక్కువ, చూపు ఎక్కువ.

తెర మీద మూలకు చిన్న మ్యాపు, బాణం గుర్తు, అట్లాంటివి ఏం ఉండవు. ఎటు పోవాలనుకుంటున్నవో పెద్ద మ్యాపుల గుర్తు పెట్టి ఒక బటన్ నొక్కితే గాలి లేస్తది. గడ్డి అటే వంగుతది, ఆకులు అటే ఎగురుతయి. ఆ గాలి ఎంబడి గుర్రం తోలుకుంటూ పోవుడే. నడుమ ఒక పసుపు పిట్ట వచ్చి నీ ముందు ఎగిరితే దాని ఎనుక పో, ఏదో ఒకటి చూపిస్తది. నక్కలు కూడా అంతే, గుడి దాకా తీస్కపోతయి. వేడినీళ్ల గుంటల కూర్చుంటే ఒంట్లో సత్తువ పెరుగుతది. ఇంగ్లీషు రానోళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు నేను చూడలే.

కథ సులువు. 1274ల మంగోలులు జపాన్ మీదికి వస్తూ దారిల సుషిమా దీవిని కొట్టిన్రు. అది నిజంగ జరిగిందే. ఆటల జిన్ సకాయ్ అనే సమురాయి మిగులుతడు, ఆయన మేనమామను ఖోతున్ ఖాన్ పట్టుకపోతడు (జిన్, ఖాన్ ఇద్దరూ కల్పన). ఎదురుపడి, పేరు చెప్పి కొట్టుడు మేనమామ నేర్పిన ధర్మం. చీకట్ల ఎనుక నుంచి పొడిస్తేనే గెలుస్తవు. ఆట అంతా ఈ కొట్లాటే.

ఎదురుపడే పద్ధతి ఒక్కసారి చెప్తా. శత్రువుల ముంగట నిలబడి పిలుస్తవు. అందరు ఆగుతరు. ఒకడు ముందుకొస్తడు. నువ్వు బటన్ నొక్కి పట్టుకోవాలె, వాడు నిజంగ కత్తి దూసినప్పుడే వదలాలె. వాడు ఊరికే భుజం అదిలిస్తడు, కాలు కదిపిస్తడు. తొందరపడి వదిలినవా, నీకే దెబ్బ. సరిగ్గ వదిలితే ఒక్క వేటు. నా పక్కన కూర్చునే మా చిన్నాన్న ఊపిరి బిగబట్టుకుని "ఇప్పుడు, ఇప్పుడు" అని నన్ను నాలుగుసార్లు సంపించిండు.

ఇంకోటి, నేను ఆడినంక తెలిసింది. నువ్వు ఎనుక నుంచి పొడుస్తూ దొంగ దెబ్బలతో పోతుంటే దీవి మీద మబ్బులు, వానలు ఎక్కువైతయి. ఎదురుపడి కొట్టుకుంటూ పోతే ఎండ కాస్తది. ఆట తయారుచేసినోళ్లే కావాలని పెట్టిన్రు.

మిషను సంగతి పైన అన్న చెప్పింది నిజమే, ఘోస్ట్ బరువెక్కువ. నాది కూడా 1650. అన్నీ "లో"ల పెట్టి, ఎఫ్ఎస్ఆర్ క్వాలిటీల పెట్టి ఆడిన, బాగనే ఉంది. కాని 8 జీబీ ర్యామ్‌తోని ఊళ్లలోకి పోంగనే జర్క్ కొట్టేది. నీ దాంట్ల 8 జీబీ ఒకటే కర్ర ఉందేమో చూడు. ఉంటే పక్క స్లాట్ ఖాళీగ ఉంటది, ఇంకో 8 వెయ్. జోడు అయితే వేగం కూడా పెరుగుతది. రెండు ఆటల్ల ఏది తీసుకున్నా ఈ పని మాత్రం చెయ్.

కథ ఆడడానికి ప్లేస్టేషన్ అకౌంట్ అవసరం లేదు. లెజెండ్స్ అని నలుగురు కలిసి ఆడేదానికే అడుగుతది.

రాయగడ ఘాట్ రోడ్డు

రెండూ పాతవే కదా బ్రో. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ కూడా 2024లో పీసీకి వచ్చేసింది. డైరెక్టుగా అదే దించుకో.

జిరాక్సు కొట్టు, పర్లాకిమిడి

రాగ్నరాక్ 190 జీబీ అడుగుతోంది బ్రో. దానికి చోటు కావాలంటే మా చెల్లికి పెళ్లి కాలేదనుకోవాలి.

గుణుపూర్ గురువుగారూ, రైలు లెక్క బాగుంది. నేనూ అటే మొగ్గాను, సిరోంచ తమ్ముడి పోస్టు చదివేదాకా. ఆ గాలి ముక్క తాతయ్యకి చెప్పాను. "బొమ్మలో గాలేటిరా" అని నవ్వాడు. తర్వాత తనే మొదలెట్టాడు. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలి ఎటుందో చూడాలంటే చేతిలోకి గుప్పెడు తాలు తీసుకుని వదిలేవారట. తాలు ఎటు పోతే చేట అటు తిప్పడం. గాలి లేకపోతే కళ్లంలో కూర్చుని ఈల వేసేవారట, ఈలకి గాలి వస్తుందని. అర్ధరాత్రి దాకా అదే చెప్పాడు. నేను ఇంతవరకూ విననే లేదు ఈ మాటలు.

ర్యామ్ విప్పి చూశాను. ఒకటే కర్ర. పక్క స్లాట్ ఖాళీ.

అయినా నాకో అనుమానం. ఘోస్ట్ పెద్ద ఆట అంటున్నారు. రోజుకి రెండు గంటలతో ఎన్నాళ్లకి తెములుతుంది? మధ్యలో వారం రోజులు ఎన్నికల పనో, కోర్టు పనో వచ్చి ఆగిపోతే మళ్లీ ఎక్కడున్నానో గుర్తుంటుందా?

బరంపురం అక్క

తమ్ముడూ, నేను రెండూ ప్లేస్టేషన్ 4లో ముగించాను. పిల్లాడు పడుకున్నాక ఆడేదాన్ని, కాబట్టి రెండు గంటల బాధ నాకు తెలుసు.

ఘోస్ట్ గురించి నువ్వు అడిగినదానికి ముందు చెప్తాను. కథ వరకూ అయితే పాతిక గంటలు, కనబడిన ప్రతి నక్క వెనకా పరిగెడితే అరవై అయినా అవుతుంది. నాకు మూడు నెలలు పట్టింది. కాని మధ్యలో ఆపినా నష్టం లేదు. ఒక్కొక్క కథ ముక్క అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. పైగా ఒక్కొక్కరిది వేరే కథ, ఒక ముసలి విల్లుకాడిది, కొడుకుల్ని పోగొట్టుకున్న ఒక పెద్దావిడది. వారం ఆగి వచ్చినా "ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్దాం" అనుకుంటే చాలు. గాడ్ ఆఫ్ వార్‌లో అలా కుదరదు. గుడి లోపల చక్రాలు తిప్పే పజిల్ మధ్యలో ఆపేసి పది రోజుల తర్వాత వస్తే, ఏ చక్రాన్ని గొడ్డలితో గడ్డకట్టించాలో ఒక పూట వెతుక్కోవాలి.

దెబ్బలాట మాత్రం గుణుపూర్ అతను చెప్పిందే నిజం. చేతికి ఆ బరువు ఘోస్ట్‌లో రాదు. ఘోస్ట్‌లో కత్తివాడికి ఒక భంగిమ, డాలువాడికి ఇంకోటి, బల్లెంవాడికి ఇంకోటి, లావుపాటివాడికి ఇంకోటి. నాలుగూ వచ్చేశాక అందరూ ఒకేలా పడిపోతారు. నాకు చివర్లో కాస్త బద్ధకం వచ్చింది.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. మీ పెద్దాయన పక్కన కూర్చుంటారన్నావు. గాడ్ ఆఫ్ వార్ మొదలయ్యేదే చెట్టు కొట్టడంతో. ఎందుకంటే భార్య చితికి కట్టెలు. గుడ్డలో చుట్టిన ఆవిణ్ణి ఎత్తుకొచ్చి చితి మీద పెడతాడు, పక్కన పిల్లాడు నిలబడి ఉంటాడు. తర్వాత బూడిద సంచిలో పోసి నడుముకి కట్టుకుంటాడు. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం మీంచి ఆ బూడిద వదలమని ఆవిడ కోరిక. ఆటంతా ఆ ప్రయాణమే. మనకి అస్థికలు అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. మా అత్తగారు వెనక నుంచి చూసి "ఇదేం ఆటమ్మా" అని లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం అందుకే ఇష్టం ఆ ఆట. మీ ఇంట్లో ఎలా ఉంటుందో నువ్వే చూసుకో.

రెండింట్లోనూ రక్తం ఉంది, రెండూ పెద్దవాళ్లవే. ఇంట్లో చిన్నపిల్లలుంటే తలుపు వేసుకో.

డిస్కు గురించి రెండు మాటలు. మీ బావ కంప్యూటర్లో నీ స్టీమ్ (ఆటలు కొని దించుకునే యాప్) అకౌంట్‌తో దించుకో. ఆట "స్టీమ్‌యాప్స్" అనే ఫోల్డరులో, "కామన్" లోపల ఉంటుంది. ఆ ఫోల్డరొక్కటే తెచ్చుకుంటే సరిపోదు, బయట "యాప్‌మేనిఫెస్ట్" అని చిన్న ఫైలు ఉంటుంది, అదీ తెచ్చుకో. ఇంటికొచ్చాక రెండూ అదే చోట పెట్టి, స్టీమ్ మూసి తెరిచి, ఫైళ్లు సరిచూడమను. లేకపోతే మొత్తం మళ్లీ దించుతానంటుంది, నీ 2 జీబీ గోవిందా. డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో కూడా చూసుకో, అందులో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. కొనడం కూడా ఇప్పుడే వద్దు, బరంపురంలో దిగాకే కొను. కొన్న 14 రోజుల లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇప్పుడే కొంటే ఆ రోజులు బస్సులోనే అయిపోతాయి.

స్టిక్కు పక్కకి పోవడానికి స్టీమ్ కంట్రోలర్ సెట్టింగుల్లో డెడ్ జోన్ (స్టిక్కు కాస్త కదిలినా పట్టించుకోని మేర) అని ఉంటుంది, కాస్త పెంచు. కొత్తది కొనక్కర్లేదు.

గుణుపూర్ ప్యాసింజర్

అక్కా, చితి సంగతి నాకు తట్టనే లేదు. ఆట మొదలైన అరగంటకి ఇంటి తలుపు కొట్టే ఆ బక్కమనిషితో జరిగే కొట్లాటే గుర్తుంది నాకు, ఇల్లూ వాకిలీ కొండా అన్నీ ఎగిరిపోతాయి. కాని ఒకటి చెప్పనా, పెద్దవాళ్లకి అలాంటివి మనకన్నా బాగా అర్థమవుతాయేమో. చూడకూడదని మనం అనుకోవడమే గాని.

జిరాక్సు కొట్టు, పర్లాకిమిడి

అక్కా, మీరు ఆ ముక్క రాయకపోతే నేను గాడ్ ఆఫ్ వారే తెచ్చేవాణ్ణి. శనివారం రాత్రికి దాదాపు తేల్చేసుకున్నాను కూడా.

మా నానమ్మ పోయి ఎనిమిది నెలలైంది. అస్థికలు వంశధారలో కలిపింది నేనే, తాతయ్య ఒడ్డున కూర్చున్నాడు, నీళ్లలోకి దిగలేడు. ఆయన నిద్రపోకపోవడం కళ్ల ఆపరేషను వల్ల కాదు, నాకు తెలుసు. గుణుపూర్ గురువుగారు చెప్పింది నిజమే కావచ్చు. ఆయనకి నాకన్నా బాగా అర్థమవుతుంది. కాని ఆ బొమ్మ తెర మీద కనబడినప్పుడు పక్కన కూర్చుని నేనేం చెయ్యాలో నాకు తెలీదు. కనీసం సంవత్సరీకం అయ్యేదాకా ఆ ఆట మా ఇంటికి రాదు.

ఆదివారం ఘోస్ట్ దించుతున్నాను. ర్యామ్ కూడా బరంపురంలోనే తీసుకుంటాను.

జిరాక్సు కొట్టు, పర్లాకిమిడి (పన్నెండు రోజుల తర్వాత)

చెప్పకుండా పోయాడు అనుకుంటారని రాస్తున్నాను.

డిస్కు ఫ్యాట్32 కాదు, బతికాను. దించడానికి బావ ఇంట్లో ఒక పూట పట్టింది, ఈలోగా మా మేనత్త మూడుసార్లు భోజనం పెట్టింది. యాప్‌మేనిఫెస్ట్ ఫైలు మర్చిపోలేదు. ఇంటికొచ్చి కాపీ చేసి సరిచూడమంటే ఏదో చిన్న అప్‌డేట్ అడిగింది, ఆ రోజు డేటాలోనే సరిపోయింది. ర్యామ్ వేశాను. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (తెర మీద వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు) తయారు చేసుకుంటూ చాలాసేపు కూర్చుంది. తాతయ్య "బండి వేడెక్కుతుంది, ఆగు" అన్నాడు. సెట్టింగులు సిరోంచ తమ్ముడు చెప్పినవే. నలుపు తెలుపులో ఆడే మోడ్ ఒకటి ఉంది, కురొసావా మోడ్ అని. అది ముట్టుకోలేదు. శుక్లాలు తీయించుకున్న మనిషికి రంగులు తీసేయడమేంటి.

మొదట్లోనే గుర్రాన్ని ఎంచుకోమంటుంది. రంగు తెలుపు అని తాతయ్యే అన్నాడు. తర్వాత పేరు. నోబు, సోరా, కాగే అని మూడిస్తారు. నేను చదివి వినిపించాను. "సొరా? మన సవరల పేరు గుర్రానికి పెట్టేరేటి? తప్పు. ఆళ్లు వింటే బాగోదు, ఇంకోటి పెట్టు" అన్నాడు. అది జపాన్ మాట తాతా, ఆకాశం అని అర్థం అన్నాను. "ఎవరి మాటైతే ఏటి, ఇనడానికి అలాగే ఉంది కదా" అన్నాడు. గుణుపూర్ సంతకి ఏళ్ల తరబడి వెళ్లిన మనిషి, కొండ నుంచి దిగిన సవరలతో బేరాలు చేసినవాడు. నోబు అని పెట్టాం.

తెల్లటి రెల్లుగడ్డిలో గుర్రం మీద వెళ్తూ గాలి బటన్ నొక్కాను. గడ్డంతా ఒక్కసారి అటు వాలింది. తాతయ్య కాసేపు చూసి, "ఈ గాలికి తూర్పారబట్టలేం. తాలుతో పాటు గింజా పోతాది" అన్నాడు. తర్వాత ఆగమన్నాడు. ముందుకెళ్లకుండా గడ్డి మధ్యలోనే గుర్రాన్ని నిలబెట్టించి ఐదు నిమిషాలు చూశాడు. ఇప్పుడు రోజూ మొదటి ఐదు నిమిషాలు ఇదే. ఆట ఆడటం లేదు, గడ్డి చూస్తున్నాం.

ఎదురుపడి కొట్టేదాంట్లో నేను ఇప్పటికి పద్నాలుగు సార్లు తొందరపడి వదిలాను.

కాని నిన్న రాత్రి ఒక శిబిరంలో జనం ఎక్కువున్నారు, ఎదురుగా వెళ్తే కుదరదని చీకట్లో వెనక నుంచి ఇద్దర్ని పొడిచాను. బయటికొచ్చేసరికి మబ్బు పట్టి ఉరిమింది. నిజానికి ముందే మబ్బుగా ఉందో ఏమో నేను చూసుకోలేదు. తాతయ్యకి మాత్రం ఉరుమంటే 2018లో వచ్చిన తిత్లీ తుఫానే గుర్తొస్తుంది, ఆ రాత్రి మా పశువుల పాక కప్పు మహేంద్రతనయ వైపు ఎగిరిపోయింది. మీరు చెప్పిన వాన సంగతి మొదటి రోజే ఆయనకి చెప్పి ఉన్నాను కదా. మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఎనకనుంచి పొడవొద్దన్నానా? చూడు, వానొచ్చేస్తంది. బట్టలు దండెం మీదున్నాయి."

వెళ్లి తీశాను. బయట చుక్కలున్నాయి.